6, 8 రెండింటితో భాగించబడే సంఖ్యలు ఎన్ని? జీఆర్‌ఈ క్వాంట్‌లో నాకు మార్కులు పోయిన చోటు

జీఆర్‌ఈకి (విదేశాల్లో పీజీ చదువుల కోసం రాసే పరీక్ష) చదువుతున్న వాళ్ల కోసం, అందులో క్వాంట్ అనే లెక్కల భాగంలో ఒక్క టాపిక్ గురించే రాస్తున్నాను. నా మాక్ టెస్టుల్లో మార్కులు ఎక్కువగా పోయింది ఇక్కడే, అదీ అసలు రాని లెక్కల్లో కాదు, చిన్నప్పుడు బడిలో బోర్డు మీద చేసిన క.సా.గు. (కనిష్ఠ సామాన్య గుణిజం, ఎల్‌సీఎం) లెక్కల్లో.

2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష చిన్నదైంది కదా, క్వాంట్ మొత్తం 27 ప్రశ్నలు, 47 నిమిషాలు. మొదటి సెక్షన్‌లో 12 ప్రశ్నలకి 21 నిమిషాలు, అందులో ఎలా చేశామన్నదాన్ని బట్టే రెండో సెక్షన్ ఎంత కష్టంగా వస్తుందో తేలుతుంది. అందుకే వచ్చిన లెక్క తప్పు చేయడం నాకు చాలా బాధ అనిపించేది.

ఇలాంటి ప్రశ్న తీసుకోండి: 100 నుంచి 500 వరకు, రెండు చివరలూ కలుపుకుని, 6తోనూ 8తోనూ శేషం లేకుండా భాగించబడే సంఖ్యలు ఎన్ని? మొదట్లో నేను 6ని 8తో గుణించేసి 48 గుణిజాలు లెక్కపెట్టేవాడిని, 8 వచ్చేది. కానీ 120ని చూడండి, అది 6తోనూ పోతుంది, 8తోనూ పోతుంది, 48తో మాత్రం పోదు. 6, 8 రెండింటిలోనూ 2 ఉంది కాబట్టి దాన్ని రెండుసార్లు లెక్కేయకూడదు, క.సా.గు. 24. లబ్ధం సరిపోయేది రెండు సంఖ్యలకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేనప్పుడే, 8, 9 లాగా.

24 అని తెలిశాక కూడా తప్పు చేశాను. 500లోంచి 100 తీసేసి 24తో భాగిస్తే 16 పాయింట్ ఎంతో వస్తుంది, 16 అనుకుని రాసేశాను, ఆన్సర్ కూడా 16నే. అది అదృష్టం మాత్రమేనని తర్వాత తెలిసింది. 401 నుంచి 500 వరకు ఉన్న వంద సంఖ్యల్లో 24 గుణిజాలు 4, 501 నుంచి 600 వరకు ఉన్న వందలో 5. పొడవు ఒక్కటే, ఎక్కడ మొదలయ్యామన్నదాన్ని బట్టి లెక్క మారిపోయింది. కాబట్టి పొడవుని భాగించే పద్ధతి పూర్తిగా వదిలేయండి.

ఆ రోజుల్లో ఎస్‌ఆర్ నగర్‌లో నాతో రూమ్‌లో ఉన్న తమ్ముడు ఎస్‌ఎస్‌సీ ఉద్యోగ పరీక్షలకి చదివేవాడు. నా పేపర్ చూసి, "అన్నా, ముందు మొదటి గుణిజం, చివరి గుణిజం రాసెయ్యి, తర్వాత లెక్కపెట్టు" అన్నాడు. అంతే, అప్పటి నుంచి నేను కాగితం మీద 120, 480 అని రాయకుండా ముందుకి వెళ్లలేదు. 480లోంచి 120 తీస్తే 360, దాన్ని 24తో భాగిస్తే 15, ఒకటి కలిపితే 16. ఆ ఒకటి ఎందుకో ఒకసారి అర్థం చేసుకోండి చాలు: 15 అనేది మధ్యలో ఉన్న గెంతుల సంఖ్య, గెంతుల కంటే నిలబడ్డ చోట్లు ఒకటి ఎక్కువ. సరిచూసుకోవాలంటే 500లో 24లు 20, 99లో 4, తీసేస్తే 16. ఇక్కడ 99 తీసుకోవాలి, 100 కాదు, ఎందుకంటే 100 మన లెక్కలో ఉంది.

అదే ప్రశ్నలో "తోనూ" బదులు "6తో గానీ 8తో గానీ" అని ఉంటే కథ వేరు. 6 గుణిజాలు 67, 8 గుణిజాలు 50, రెండిట్లోనూ పడిన 16ని ఒకసారి తీసేస్తే 101. "సరిగ్గా ఒక్కదానితోనే" అంటే 16ని రెండుసార్లు తీయాలి, 85. దేనితోనూ పోనివి అడిగితే మొత్తం 401 లోంచి 101 తీసి 300. మొత్తం 400 అనుకుంటే అక్కడే పోయింది. జవాబుని మనమే టైప్ చేయాల్సిన న్యూమరిక్ ఎంట్రీలో ఇలాంటిది పడితే ఆప్షన్లు చూసి పట్టుకునే వీలు కూడా ఉండదు, స్క్రీన్ మీద ఉన్న కాలిక్యులేటర్ భాగహారం చేసి పెడుతుందే కానీ 400నా 401నా అన్నది చెప్పదు.

శేషాలు వచ్చినా భయపడక్కర్లేదు. 6తో భాగించినా 8తో భాగించినా 1 మిగలాలంటే 24 గుణిజాలకి ఒకటి కలిపినవే: 121, 145, అలా 481 దాకా. 6తో 5, 8తో 7 మిగలాలంటే రెండు చోట్లా ఒకటి తక్కువైంది, అంటే 119 నుంచి 479 దాకా. రెండిటికీ ఇక్కడ 16నే వచ్చింది, కానీ అదే ప్రశ్న 97 నుంచి మొదలైతే మొదటి రకంలో 97 కూడా చేరి 17 అవుతుంది. చివరలు ప్రతిసారీ కొత్తగా చూడాల్సిందే. ఇంకొకటి, సున్నా ప్రతి సంఖ్యకీ గుణిజమే. "రుణాత్మకం కానివి" అన్నారా, "ధనాత్మకం" అన్నారా అన్నది ఆగి చదవండి, 100 కంటే చిన్నవాటిలో 4, 6 రెండింటితో పోయేవి మొదటి మాటకి 9, రెండో మాటకి 8.

ఈ రోజు ఇది ఒక్కటి కట్టి చూడండి: 1 నుంచి 100 వరకు 2, 3, 5లలో కనీసం ఒకదానితో భాగించబడేవి ఎన్ని? 74 రావాలి. 71 వచ్చిందంటే మూడింటితోనూ పోయే 30, 60, 90ని తిరిగి కలపడం మర్చిపోయారన్నమాట.