గుప్పెడు బియ్యంతో మొదలైన మా క్రిస్మస్

2023 డిసెంబర్ 24 రాత్రి పదకొండు గంటలకు నేను గుంటూరులో ఒక దర్జీ దుకాణం ముందు నిలబడి, మా అమ్మాయి జాకెట్టుకు హుక్కులు కుట్టడం ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూస్తున్నాను. ఆ సంవత్సరం ఆగమన కాలపు (క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఎదురుచూపు కాలం, అడ్వెంట్) నాలుగవ ఆదివారమూ క్రిస్మస్ ముందు రాత్రీ ఒకే రోజున వచ్చాయి. ఉదయం ఆరాధనకు వెళ్ళామన్న మాటే గానీ, నా మనసంతా కేక్ ఆర్డరు మీద, బిర్యానీ సామాను మీద, పిల్లల బట్టల మీద ఉంది. ఇంటికి తిరిగి వచ్చేసరికి మా వారు లైట్ల సీరీస్ సరిచేస్తూ డాబా మీద ఉన్నారు, పిల్లలు సోఫాలోనే నిద్రపోయారు, మా అత్తగారు ఒక్కరే హాల్లో కుర్చీ వేసుకొని బైబిల్లో యేసు పుట్టుకను చెప్పే లూకా సువార్త రెండవ అధ్యాయం పైకి చదువుతున్నారు. వినేవాళ్ళు ఎవరూ లేకపోయినా ఆమె గొంతు తగ్గించలేదు. మా వారి చిన్నతనంలో నలుగురు పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టుకొని చదివినట్టే చదువుతున్నారు. చేతిలోని బట్టల సంచితో గుమ్మంలో నిలబడి విన్న ఆ నిమిషాలు నన్ను ఏడాదంతా వదలలేదు.

మాది లూథరన్ సంఘానికి చెందిన ప్రొటెస్టంట్ క్రైస్తవ కుటుంబం. మా అత్తగారిది రేపల్లె దగ్గర ఒక పల్లె. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన సంఘపు పరిచర్య ఏ తరంలో తమ ఊరు చేరిందో ఆమె తన తాత పేరుతో చెప్పగలరు. అలాంటి ఇంట్లో క్రిస్మస్ అంటే ఒక నెల పొడవునా ఊపిరాడని పనిగా ఎలా మారిందో మొదట అర్థం చేసుకోవాలనిపించింది. అందుకే 2024 అక్టోబర్ 12న, దసరా సెలవు రోజున, మా నలుగురమూ అత్తగారితో కలిసి ఒక నోటు పుస్తకం ముందు పెట్టుకొని కూర్చున్నాము.

మొదట రాసినది పాత లెక్క. అంతకుముందు క్రిస్మస్‌కు మేము సుమారు 46,000 రూపాయలు ఖర్చు చేశాము. అందులో బట్టలకే 21,000 అయ్యాయి. మా ఇంటి బయటివారికి ఉపయోగపడినది గుడిలో (చర్చిలో) వేసిన కానుకతో కలిపి 2,000 దాటలేదు. ఆ రెండు అంకెలనూ మా అమ్మాయి పక్కపక్కనే రాసి, ఎవరూ అడగకుండానే కింద గీత గీసింది. తరువాత రాసినది కార్యక్రమాల జాబితా. పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ వేడుకలు మా ఒక్క కుటుంబానికే తొమ్మిది వచ్చాయి. మా వారి ఆఫీసుది, నా స్కూలుది, పిల్లల ట్యూషన్‌ది, యువజనులది, స్త్రీల సమాజానిది, సండే స్కూలుది, బంధువుల ఇళ్ళలోవి. వాటన్నింటిలోనూ కేక్ కోసి, ఒకే పాటలు పాడి, ఒకే సందేశం విని, అసలు పండుగ వచ్చేనాటికి పిల్లలు అలసిపోయారు. సెమీ క్రిస్మస్‌లు చెడ్డవని నేను అనను, ఇరుగుపొరుగువారికి సువార్త వినిపించడానికి అవి మంచి అవకాశాలు. అయితే ఆగమన కాలం ఎదురుచూడవలసిన కాలం. ఎదురుచూడవలసిన నెలలోనే తొమ్మిదిసార్లు పండుగ జరిపితే ఇక ఎదురుచూపు మిగలదు.

కాబట్టి మూడింటికి మాత్రమే వెళ్ళాలని నిర్ణయించుకున్నాము. సండే స్కూలుది, స్త్రీల సమాజానిది, అత్తగారి పల్లెలో జరిగేది. ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. దగ్గరి బంధువు ఒకరికి రాలేమని ఫోనులోనే చెప్పేశాను. ఆమె చాలా నొచ్చుకున్నారు. అలాంటి మాట ముందుగానే, ఇంటికి వెళ్ళి, కూర్చొని చెప్పవలసినదని నాకు తరువాత తెలిసింది. ఆమెను మళ్ళీ కలిసి క్షమించమని అడగడానికి జనవరి దాకా పట్టింది.

ఏం చేయకూడదో తేలింది గానీ, ఏం చేయాలో తేలడానికి మరికొంత సమయం పట్టింది. మా పాస్టర్ గారు అడ్వెంట్ రీత్ గురించి, అంటే ఆగమన కాలంలో వెలిగించే కొవ్వొత్తుల చక్రం గురించి చెప్పారు. 1839లో జర్మనీలోని హాంబర్గ్‌లో, పేద పిల్లల కోసం ఒక ఆశ్రమం నడిపిన విఖర్న్ అనే లూథరన్ బోధకుడు, క్రిస్మస్‌కు ఇంకా ఎన్ని రోజులున్నాయని పిల్లలు రోజూ అడుగుతుంటే, ఒక బండి చక్రం తెచ్చి, మామూలు రోజులకు చిన్న ఎర్రని కొవ్వొత్తులు ఇరవై, ఆదివారాలకు పెద్ద తెల్లనివి నాలుగు దాని మీద నిలిపారట. రోజుకొకటి వెలిగిస్తూ పోయేవారు. తరువాతి కాలంలో అది ఆదివారానికొకటి వెలిగించే నాలుగు కొవ్వొత్తుల చక్రంగా ఇళ్ళలోకి వచ్చింది. బీద పిల్లల ప్రశ్నకు జవాబుగా పుట్టిన వస్తువు అది అని తెలిశాక మా చిన్నవాడికి దాని మీద ఎంతో ఇష్టం కలిగింది.

మేము దానిని పాత చాట అంచుతో చేశాము. బాపట్ల వైపు నుంచి వచ్చే బంధువు ఒకరు సరుగుడు కొమ్మలు తెచ్చి ఇచ్చారు. మా వైపు చాలా ఇళ్ళలో క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టేది సరుగుడునే కాబట్టి ఆ వాసన వస్తేనే మాకు పండుగ దగ్గరపడినట్టు ఉంటుంది. ఆనవాయితీగా వాడే ఊదారంగు కొవ్వొత్తులు మాకు దొరకలేదు. తెల్లనివే కొని, మూడింటికి ఊదా రిబ్బను, మూడవ ఆదివారం వెలిగించేదానికి గులాబీ రిబ్బను కట్టాము. ఎవరైనా ఇలా చేసేటట్టయితే రిబ్బను మంటకు దూరంగా, కొవ్వొత్తి అడుగునే కట్టాలి. సరుగుడు ఆకు వారం తిరగకుండానే ఎండి సూదుల్లా రాలుతుంది కనుక ప్రతి శనివారం కొమ్మలు మార్చాలి, పెద్దవాళ్ళు దగ్గర లేకుండా వెలిగించకూడదు. మేము కింద ఇత్తడి పళ్ళెంలో నీళ్ళు పోసి ఉంచాము.

ఇక వాక్యపఠనం. లూకా సువార్తలో ఇరవై నాలుగు అధ్యాయాలు ఉన్నాయి, డిసెంబర్ 1 నుంచి 24 వరకు ఇరవై నాలుగు రోజులు ఉన్నాయి. 2024లో ఆగమన కాలపు మొదటి ఆదివారం కూడా సరిగ్గా డిసెంబర్ 1నే వచ్చింది. రాత్రి భోజనానికి ముందు రోజుకొక అధ్యాయం చదవాలని అనుకున్నాము. మొదటి రోజే ఇబ్బంది ఎదురైంది. మొదటి అధ్యాయంలో ఎనభై వచనాలు ఉంటాయి. ఆ అధ్యాయం మొదట్లో వచ్చే యాజకుడు జెకర్యా దేవాలయంలోంచి బయటికి వచ్చేలోపే చిన్నవాడు నిద్రపోయాడు. రెండవ రోజు మరో ప్రశ్న వచ్చింది. యేసు ప్రభువు డిసెంబర్ 2ననే పుట్టేశారు కదా, ఇక మిగిలిన రోజులు దేని కోసం చదువుతున్నామని వాడు అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. అత్తగారు మాత్రం, పశువుల తొట్టిలో పడుకోబెట్టిన బిడ్డ పెద్దవాడై ఏం చేశాడో తెలియకపోతే ఆ పుట్టుకకు పండుగ ఎందుకు చేసుకుంటున్నామో మనకే తెలియదని, అందుకే చివరిదాకా చదివి, 25 తెల్లవారుజామున మళ్ళీ వెనక్కి వచ్చి రెండవ అధ్యాయం చదువుకుందామని చెప్పారు. అలాగే చేశాము.

గుప్పెడు బియ్యం సంగతి కూడా ఆమెదే. వాళ్ళ పల్లెలో ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ అందులోంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేసి, ఆదివారం గుడికి తీసుకువెళ్ళేవారట. పూట గడవని రోజుల్లో కూడా ఆమె తల్లి ఆ గుప్పెడు మానలేదట. మేము ఒక స్టీలు డబ్బా కడిగి ఆరబెట్టి వంటింటి గట్టు మీద పెట్టాము. ఇంట్లో ఉన్న ఐదుగురమూ ప్రతిరోజూ వాక్యం చదవడానికి ముందు ఒక్కొక్క గుప్పెడు అందులో వేయాలి. చిన్నవాడి గుప్పెట్లో ఎన్ని గింజలు పడతాయి! వాడు నేల మీద రాలిన వాటిని కూడా ఒక్కొక్కటే ఏరి, ఊది, డబ్బాలో వేసేవాడు.

డిసెంబర్ 14 శనివారం పద్నాలుగవ అధ్యాయం వచ్చింది. విందు చేసినప్పుడు స్నేహితులను, బంధువులను, ధనవంతులైన పొరుగువారిని కాక, తిరిగి పిలవలేని బీదవారిని, కుంటివారిని, గుడ్డివారిని పిలవమని ప్రభువు చెప్పే భాగం అందులో ఉంది. చదువుతున్నది మా అమ్మాయి. ఆ వచనాల దగ్గర ఆగి, మన భోజనానికి ఎవరిని పిలిచామని అడిగింది. క్రిస్మస్ మధ్యాహ్నానికి మేము అప్పటికే రాసి పెట్టుకున్న జాబితాలో పన్నెండు పేర్లు ఉన్నాయి. పన్నెండూ మమ్మల్ని మళ్ళీ తమ ఇంటికి పిలిచేవాళ్ళవే. ఆ రాత్రి మేము పన్నెండింటికే భోంచేశామన్నా ఆశ్చర్యం లేదు, అంతసేపు మాట్లాడుకున్నాము. బంధువులను కొత్త సంవత్సరం రోజుకు మార్చుకొని, వారి స్థానంలో మా సంఘంలోని ముగ్గురు విధవరాళ్ళను, వీధి చివర ఒంటరిగా ఉంటున్న రిటైర్డ్ కాంపౌండర్ గారిని, సెలవులకు ఊరు వెళ్ళలేకపోయిన ఇద్దరు నర్సింగ్ విద్యార్థినులను, మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుటుంబాన్ని పిలవాలని నిర్ణయించుకున్నాము.

ఆ బియ్యాన్ని మన ఇంట్లో వండకూడదని, అది దేవునిదని అంతవరకు పట్టుబట్టిన అత్తగారు ఆ రాత్రి తానే, ఆ డబ్బాలోని బియ్యంతోనే వాళ్ళకు అన్నం వండుదామని అన్నారు.

మూడవ వారం మధ్యలో చిన్నవాడికి జ్వరం వచ్చి మూడు రోజులు వాక్యపఠనం తప్పింది. తప్పిన అధ్యాయాలన్నీ ఒకేరోజు చదివించాలని నేను ప్రయత్నించాను, అది శిక్షలా మారింది. పిల్లలున్న ఇళ్ళలో తప్పిన రోజును తప్పినట్టే వదిలి, ఆ రోజుది ఆ రోజు చదువుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

21వ తేదీ శనివారం పిండివంటలకు పెట్టుకున్నాము. గురువారం రాత్రి నానబోసిన బియ్యాన్ని మధ్యలో నీళ్ళు మార్చి, శనివారం ఉదయం వడకట్టి, నీడన బట్ట మీద ఆరబెట్టి, తడి పూర్తిగా పోకముందే మర పట్టించాము. తడి ఆరిపోయిన పిండితో అరిసె గట్టిపడుతుందని అత్తగారు మిల్లు దగ్గరికి తానే వచ్చారు. పాకం కూడా ఆమె చేతి మీదే జరిగింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, గరిటెతో ఒక చుక్క వేసి, వేళ్ళతో చేరదీస్తే మెత్తని ఉండ కావాలి. చెదిరితే ఇంకా రాలేదని, గట్టిగా మోగితే ముదిరిపోయిందని అర్థం. ఆమె ఆ చుక్కను మా అమ్మాయి వేలికి అందించి, ఇది జ్ఞాపకం పెట్టుకో అమ్మా, ఇది పుస్తకంలో రాదు అన్నారు. పిండి కలుపుతున్నంతసేపూ ఆమె కీర్తనలు పాడుతూనే ఉన్నారు, పిల్లలు నువ్వులు అద్దుతూ పల్లవి అందుకున్నారు. ఆ సాయంత్రం చదివినది కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి సంగతి. మేము అరిసెలను మూడు డబ్బాల్లో సర్ది, మొదటి డబ్బా ఆ ముగ్గురు విధవరాళ్ళకని పక్కన పెట్టాము. ఇంతకుముందు సంవత్సరాల్లో ఇంట్లో మిగిలినవి పంచేవాళ్ళము.

బట్టలు నవంబర్ నెలాఖరుకే కుట్టించుకున్నాము, ఒక్కొక్కరికి ఒక్క జత. 24వ తేదీ రాత్రి నేను ఇంట్లోనే ఉన్నాను. నాలుగు కొవ్వొత్తులూ వెలుగుతుండగా మా వారు ఇరవై నాలుగవ అధ్యాయం చదివారు. ఎమ్మాయు దారిలో నడిచిన ఇద్దరు శిష్యులు తమతో వస్తున్నది మరణం నుంచి లేచిన ప్రభువేనని దారి పొడవునా గుర్తుపట్టలేక, రొట్టె విరిచి ఇచ్చినప్పుడు గుర్తుపట్టారు. అర్ధరాత్రి దాటాక డోలక్, తాళాలతో మా సంఘం క్యారల్స్ బృందం వచ్చింది. పిల్లలు వాళ్ళకు టీ అందించారు.

25 తెల్లవారుజామున ఆరాధనకు బయలుదేరే ముందు, క్రిస్మస్ రోజు కోసం చక్రం మధ్యలో ఉంచిన ఐదవ, తెల్ల కొవ్వొత్తి వెలిగించి, చిన్నవాడు కూడబలుక్కుంటూ రెండవ అధ్యాయంలో ఇరవై వచనాలు చదివాడు. సత్రంలో స్థలం లేదన్న చోట వాడు ఆగి నానమ్మ వైపు చూశాడు. ఆమె తల ఊపి, చదువు నాయనా అన్నారు.

ఆ ఉదయం డబ్బా తూచితే నాలుగు కిలోలకు కాస్త తక్కువగా ఉంది. రెండు కిలోలు వండాము. వాచ్‌మన్ కుటుంబం హిందువులు, వాళ్ళు ఇబ్బంది పడతారేమోనని నేను లోలోపల బెంగపెట్టుకున్నాను. ఆయన భార్య కొంగులో చామంతులు తెచ్చి, ఎక్కడ పెట్టాలమ్మా అని అడిగి, అడ్వెంట్ రీత్ చుట్టూ తానే పేర్చారు. బల్ల దగ్గర కూర్చోవడానికి మాత్రం వాళ్ళు నలుగురూ వెనకాడారు. అత్తగారు ఏమీ అనకుండా చాప తెప్పించి నేల మీద పరిచి, తన మోకాళ్ళ నొప్పితోనే వాచ్‌మన్ భార్య పక్కన కూర్చొని విస్తరి వేయించుకున్నారు. ఆ తరువాత అందరమూ చాపల మీదే కూర్చున్నాము. కాంపౌండర్ గారు ప్రార్థన చేశారు. తొమ్మిదేళ్ళ తరువాత పదిమందితో కలిసి క్రిస్మస్ భోజనం చేస్తున్నానని ఆయన ప్రార్థనలోనే దేవునితో చెప్పారు. వెళ్ళేటప్పుడు మిగిలిన బియ్యాన్ని అత్తగారు ముగ్గురు విధవరాళ్ళకు సమంగా పంచి, సంచుల మూతులు తన చేతులతో కట్టారు.

చక్రం, నక్షత్రం జనవరి 6 దాకా ఉంచాము. ఆ సాయంత్రం, నక్షత్రాన్ని చూసి బాల యేసును వెతుకుతూ వచ్చిన జ్ఞానుల సంగతి మత్తయి సువార్తలోంచి చదువుకొని, నక్షత్రం దించి, నోటు పుస్తకంలో మళ్ళీ లెక్క రాశాము. మొత్తం 29,000, అందులో ఇతరుల కోసం 11,000.

2025లో ఆగమన కాలపు మొదటి ఆదివారం నవంబర్ 30న వస్తుందని చూసుకొని, లూకా మొదటి అధ్యాయాన్ని ఆ ఆదివారం సగం, డిసెంబర్ 1న సగం చదవాలని రాసి పెట్టుకున్నాము. సరుగుడు కొమ్మలు 29వ తేదీ శనివారానికే రావాలని కూడా రాసుకున్నాము. బియ్యానికి ఆసారి పెద్ద డబ్బా కావాలని అత్తగారు ముందే రెండుసార్లు గుర్తుచేశారు.