డోర్నకల్ దారిలో కేడెము మాట

వరంగల్ నుండి డోర్నకల్ వెళ్లేవారికి నేను ఇవ్వగలిగిన సలహా ఒక్కటే: వీలైతే ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. నెక్కొండ దాటిన తరువాత మా ప్యాసింజర్ బండి చేల మధ్య నిలబడి, వెనుక నుండి వచ్చిన ప్రతి బండినీ ముందుకు సాగనంపి, ఇక తప్పదన్నట్టు కదిలింది. అప్పటికే నా మనసు బాగాలేదు. హన్మకొండ నుండి స్టేషన్‌కు ఆటో అతను రెండు వందలు అడిగాడు; బేరమాడబోతే ‘డీజిల్ రేటు సూస్తలేరా సార్’ అని ముఖం తిప్పుకున్నాడు. ఆ ఆటో ముందు అద్దం మీద ఎర్రని అక్షరాలతో ‘యెహోవా నా కేడెము’ అని రాసి ఉంది.

కేడెమంటే డాలే. ఆ మాట నాకు కొత్తది కాదు. బాప్టిస్టు ఇంట పుట్టినవాణ్ని కనుక, ఆదికాండము 15వ అధ్యాయంలో దేవుడు అబ్రాముతో ‘భయపడకుము, నేను నీకు కేడెము’ అన్నది సండే స్కూలు నాటికే కంఠస్థం. నన్ను విసిగించేది ఆ వాక్యాన్ని ప్రమాద బీమా పత్రంలా అద్దానికి అంటించడం. అదే అధ్యాయంలో మరి కొన్ని వచనాలు దాటితే, అబ్రాము సంతానం పరాయి దేశంలో నాలుగు వందల సంవత్సరాలు దాస్యం చేసి బాధలు పడుతుందని అదే దేవుడు చెబుతాడు. దానిని అద్దం మీద రాయించుకున్నవారు నాకెక్కడా కనబడలేదు. కరోనా కాలంలో మా బంధువుల ఇళ్లలో 91వ కీర్తన తలుపుల మీదికెక్కింది. దేవుని సత్యమే కేడెమూ డాలూ అని, చీకటిలో సంచరించే తెగులుకు భయపడనక్కరలేదని అందులో ఉన్నమాట నిజమే. అయితే మత్తయి సువార్త 4వ అధ్యాయంలో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి, కిందికి దూకమంటూ సాతాను వల్లించినది కూడా ఆ కీర్తనలోని వాక్యాలనే. దేవుని శోధించకూడదని, అంటే పరీక్షకు పెట్టకూడదని చెప్పి యేసు దూకలేదు. ఈ సంగతి ఎత్తినందుకు మా పెద్దమ్మ నాతో కొన్నాళ్లు మాట్లాడలేదు.

నెక్కొండలో ఎక్కిన ఒక పెద్దావిడ నా ఎదుట కూర్చుని, చీరల దుకాణం వారి ప్లాస్టిక్ కవరులో నుండి బైబిలు తీసింది. ఆ పుస్తకం మూతపడటం లేదు. కాగితాలన్నీ అలలు తేలి, ఉబ్బి, రెట్టింపు మందమయ్యాయి. అట్ట చుట్టూ రిబ్బను కట్టి ఉంది. ఏమైందని అడిగాను.

‘నీళ్లల్ల నానింది బిడ్డా. ఆ వరదకు.’

ఏ వరద అని అడగవలసిన అవసరం లేకపోయింది. 2024 సెప్టెంబరు ఆరంభంలో ఇంటికన్నె, కేసముద్రం మధ్య కట్ట కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడిన ఫోటోలు అందరూ చూసినవే. మా బండి సరిగ్గా ఆ తావులోనే మెల్లగా పోతోంది. ఆమె ఇంట్లో బియ్యం, బట్టలు పోయాయట, రెండు మేకలు కొట్టుకుపోయాయట. ఆటో మీది కోపం ఇంకా చల్లారలేదేమో, ‘కేడెము ఉండగా ఇల్లెట్లా మునిగిందమ్మా?’ అని అడిగేశాను.

ఆమె నొచ్చుకోలేదు. ‘బాణాలు రావని ఎవలన్నరు? వస్తయి. వచ్చినయి ఆరిపోతయనే గద పౌలు రాసింది. ఆ రాత్రి ఊరోళ్లమంత బడి డాబా ఎక్కినం. ఎన్నడు ముఖం సూడనోళ్లు గూడ పిల్లలను అందుకున్నరు. ఎవలి తాన ఏమున్నా గదే పంచుకున్నం. నాకు కేడెమంటే గదే’ అంది.

ఆమె చెప్పినది బైబిల్లో ఎఫెసీ సంఘానికి పౌలు రాసిన ఉత్తరం, ఎఫెసీ పత్రిక, 6వ అధ్యాయంలోని మాట: విశ్వాసమనే డాలుతో దుష్టుని అగ్నిబాణాలన్నిటినీ ఆర్పగలరని. అక్కడ మనసులో మెదలవలసినది రోము సైనికుని పెద్ద డాలు. పలుచని చెక్క పొరలను అంటించి, తోలు కప్పి చేసిన ఆ డాలు మనిషిని భుజం నుండి మోకాలి దాకా కాపాడేది. సైనికులు దగ్గర దగ్గరగా నిలిచి డాళ్లను ఒకదానితో ఒకటి చేర్చినప్పుడు, పక్కవాని డాలు కూడా తమకు కాపే. చదువుకున్నవారి వ్యాఖ్యానాలలో నేను చూసిన ఈ సంగతిని ఆమె బడి డాబా మీద చూసి వచ్చింది. మన పల్లెల చివర కనిపించే వీరగల్లుల మీద, అంటే పోరులో చనిపోయిన వీరుల గుర్తుగా నిలిపిన రాళ్ల మీద, చెక్కినది చిన్న గుండ్రని డాలు. దానిని పట్టుకున్న వీరులందరూ ఆ పోరులోనే నేలకొరిగినవారు. అయినా శిల్పి ఆ డాలును తీసేయలేదు.

మహబూబాబాద్‌లో పల్లీలు కొని ఆమెకు ఇచ్చాను. పొట్లం ఇరవై రూపాయలు, లోపల గుప్పెడైనా లేవు. గార్లలో కూతురు ఎదురొచ్చి ఆమెను దించుకుంది.

డోర్నకల్‌లో చూడవలసినది ఎపిఫనీ కెథీడ్రల్. 1912లో ఆంగ్లికన్ సంఘానికి తొలి భారతీయ బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య ఏళ్ల తరబడి కట్టించగా, 1939లో దానికి ప్రతిష్ఠ జరిగింది. మినార్లు, గుమ్మటాలు, మండపం వంటి స్తంభాలు కలిసిన ఆ కట్టడం మా హన్మకొండ చర్చిలకు ఏ పోలికా లేనిది. దాని గురించి రాయాలంటే మరో వ్యాసం కావాలి. ఆ రోజు నేను దానిని సరిగా చూడనే లేదు. లోపల ఒక బల్ల మీద కూర్చుని ఎఫెసీ పత్రిక తెరిచి, డాలు వచనం దగ్గర ఆగకుండా ముందుకు చదివాను. నాలుగు వచనాల తరువాత పౌలు తాను సంకెళ్లలో ఉన్నానని చెబుతాడు. తన కోసం ప్రార్థించమని సంఘాన్ని అడుగుతాడు కూడా. ఆ సంకెళ్లు ఊడిపోవాలని మాత్రం అడగడు. సువార్తను ధైర్యంగా చెప్పడానికి తనకు మాట దొరకాలని అడుగుతాడు.