సెల్ఫ్ అందుకోని మాన్యువల్ గేర్ కారు: లోపం క్లచ్ పెడల్ దగ్గర దొరికింది

శనివారం ఉదయం

తీరిక దొరికినప్పుడల్లా బాగుచేసుకుంటున్న పాత కార్బ్యురేటర్ కారు ఈమధ్య సెల్ఫ్ దగ్గర సతాయిస్తోంది. కీ తిప్పితే ఒక్కోసారి ఏ చప్పుడూ ఉండదు, ఒక్కోసారి చిన్నగా ‘టక్’ మని ఊరుకుంటుంది. క్లచ్ గట్టిగా తొక్కి వదిలి, మళ్లీ తొక్కి తిప్పితే మాత్రం మామూలుగా స్టార్ట్ అవుతుంది. సెకండ్ గేర్‌లో వేసి తోస్తే వెంటనే అందుకుంటుంది కాబట్టి పెట్రోలు మీదా, స్పార్క్ మీదా అనుమానం అక్కర్లేదు.

ఇలాంటప్పుడు సెల్ఫ్ మోటార్ మార్చెయ్యమని చెప్పేవాళ్లే ఎక్కువ. నాకది ఒప్పదు. ఆ మోటార్ విప్పాలంటే కారు కిందికి దూరాలి, పైగా ఖరీదైన భాగం. దానిదాకా కరెంటు సరిగా చేరుతోందా లేదా అన్నది ముందు తేలాలి.

చెవికి వినపడేదే సగం దారి చూపిస్తుంది. టకటకమని వరసగా కొట్టుకుంటే బ్యాటరీ డౌన్ అయి ఉంటుంది, లేదా టెర్మినల్ లూజ్ అయి ఉంటుంది. ఒక్కసారి బలంగా టక్‌మని మోటార్ తిరగకపోతే సోలనాయిడ్ (సన్న వైరులో కరెంటు రాగానే మోటార్‌కి పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపలి కాంటాక్టులనో, మోటార్ బ్రష్‌లనో అనుమానించాలి. మోటార్ గిర్రున తిరిగినా ఇంజన్ కదలకపోతే మోటార్ కొసన ఉండే చిన్న పళ్ల చక్రం (పినియన్) వెళ్లి ఇంజన్‌కి ఉండే పెద్ద చక్రం (ఫ్లైవీల్) పళ్లను పట్టుకోవడం లేదని అర్థం. అసలు చప్పుడే లేకపోయినా, నీరసంగా టక్‌మన్నా సోలనాయిడ్‌కి వెళ్లే సన్న వైరు సంగతి చూడాలి. మన కారుది ఈ చివరి రకం.

బ్యాటరీ 12.6 వోల్టులు చూపించింది, అంటే ఫుల్ చార్జ్. హెడ్‌లైట్లు వేసి కీ తిప్పాను, వెలుగు తగ్గినట్టే లేదు. మోటార్ ఎక్కువ కరెంటు లాగి ఉంటే లైట్లు మసకబారేవి. టెర్మినల్స్ శుభ్రంగా, బిగుతుగానే ఉన్నాయి.

శనివారం సాయంత్రం

గేర్ న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డంగా దిమ్మలు పెట్టాను. ఈ పరీక్షకి ముందు ఇవన్నీ చేసి తీరాలి. గేర్‌లో ఉండగా చేస్తే కారు మన మీదికే దూకుతుంది. బ్యాటరీ కేబుల్ వచ్చే లావు బోల్టు నుంచి సోలనాయిడ్ సన్న టెర్మినల్‌కి ఒక వైరు ముక్కతో క్షణం సేపు కలిపాను. సెల్ఫ్ ఠక్కున అందుకుని ఇంజన్‌ని బలంగా తిప్పింది. ఈ ఒక్క పనితో మోటార్, సోలనాయిడ్, లావు కేబుల్, ఎర్త్ (కారు బాడీ మీదుగా కరెంటు తిరిగి బ్యాటరీకి చేరే దారి) అన్నీ అనుమానం నుంచి బయటపడ్డాయి. ఇక మిగిలింది కీ నుంచి క్లచ్ స్విచ్ మీదుగా సోలనాయిడ్‌కి వచ్చే సన్న వైరు దారి.

ఆదివారం

మాన్యువల్ కార్లు చాలావాటిలో క్లచ్ పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ పనిచేసేలా పెడల్ దగ్గర ఒక స్విచ్ ఉంటుంది. ముందు కంటితో చూడాల్సినవి చూశాను. స్విచ్‌ని నొక్కే చిన్న ప్లాస్టిక్ ముక్క అరిగి రాలిపోవడం మామూలే, ఇందులో బాగానే ఉంది. పెడల్ కిందికి మ్యాట్ జరిగినా స్విచ్ చివరిదాకా నొక్కుకోదు, అదీ లేదు. కనెక్టర్ పీకి మల్టీమీటర్ పెట్టి పెడల్ తొక్కితే దారి కలిసే ఉందని చెప్పే బీప్ చక్కగా వచ్చింది.

చాలామంది ఇక్కడ స్విచ్ బాగుందనుకుని ముందుకు వెళ్లిపోతారు. మీటర్ బీప్ కొట్టేటప్పుడు పంపేది అతి చిన్న కరెంటు. సోలనాయిడ్ లాగేది పదికి పైగా ఆంపియర్లు. కాలిపోయిన కాంటాక్టు చిన్న కరెంటుని వదులుతుంది, పెద్దదాన్ని అడ్డుకుంటుంది. అందుకే వైర్లన్నీ తగిలించి, ఒకరి చేత కీ తిప్పించి కొలవాలి.

సోలనాయిడ్ దగ్గర సన్న వైరు పీకి, కీ తిప్పించి కొలిస్తే బ్యాటరీ వోల్టేజీ మొత్తం కనపడింది. తిరిగి తగిలించి కీ తిప్పిస్తే 6.9. అదే సమయంలో బ్యాటరీ దగ్గర 12.4. అంటే దారిలో 5.5 వోల్టులు పోతున్నాయి. మీటర్ రెండు కొసలూ ఇగ్నిషన్ స్విచ్‌కి అటూ ఇటూ పెడితే 0.6, క్లచ్ స్విచ్‌కి అటూ ఇటూ పెడితే 4.7. మిగిలిన 0.2 వైర్లలోనూ కనెక్టర్లలోనూ పోతోంది. దొంగ దొరికాడు.

స్విచ్ విప్పి చూస్తే కాంటాక్టులు నల్లగా మాడి, గుంటలు పడి ఉన్నాయి. ఈ కారులో స్టార్టర్ రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) లేదు, సోలనాయిడ్ కరెంటు మొత్తం ఈ చిన్న స్విచ్ మీదుగానే పోతోంది. గరుకు కాగితంతో రుద్దితే కొన్నాళ్లు నడుస్తుందేమో, మళ్లీ మాడుతుంది. స్విచ్‌ని తీసేసి వైర్లు నేరుగా కలిపేసే వాళ్లూ ఉన్నారు. గేర్‌లో ఉన్న కారుకి ఎవరైనా క్లచ్ తొక్కకుండా కీ తిప్పితే ఎదురుగా ఉన్న మనిషి గతేంటి? ఆ పని మాత్రం నేను చేయను.

మరుసటి వారాంతం

కొత్త స్విచ్ వేశాను, దాంతోపాటు ఒక రిలే కూడా. ముందు బ్యాటరీ నెగెటివ్ వైరు పీకేశాను. బ్యాటరీ పాజిటివ్ నుంచి 30 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా లావు వైరు రిలే 30వ పిన్నుకి, 87వ పిన్ను నుంచి సోలనాయిడ్‌కి; పెద్ద కరెంటు పోయేది ఈ దారినే. క్లచ్ స్విచ్ నుంచి వచ్చే పాత వైరు 86కి, 85 ఎర్త్‌కి; ఈ రెండూ రిలేని పనిచేయించే కాయిల్ పిన్నులు. ఫ్యూజుని బ్యాటరీకి ఎంత దగ్గరగా పెడితే అంత మంచిది, వైరు ఎక్కడ ఒరుసుకుపోయినా మంట రాకుండా అదే కాపాడాలి. రిలే కాయిల్ సుమారు 90 ఓమ్‌లు, కాబట్టి స్విచ్ మీద ఇప్పుడు పడేది ఆంపియర్‌లో ఏడో వంతు కరెంటే.

ఇంజన్ తిరుగుతుండగా కొలిస్తే బ్యాటరీ 10.6, సోలనాయిడ్ దగ్గర 10.3. క్లచ్ తొక్కకపోతే కీ తిప్పినా ఉలుకూ పలుకూ లేదు, తొక్కితే మొదటి తిప్పుకే అందుకుంటోంది. ఇగ్నిషన్ స్విచ్‌లో పోతున్న 0.6 కూడా కరెంటు తగ్గడంతో ఇప్పుడు మీటర్‌కి అందనంత చిన్నదైపోయింది, దాన్ని విప్పే పని తప్పింది. వచ్చేవారం కార్బ్యురేటర్ ఫ్లోట్ లెవెల్ చూడాలి.