ఇంగ్లిష్ పాఠాలు – 2

సోమవారం పొద్దున ఆఫీసు పని మధ్యలో స్నేహితురాలి మెసేజ్: "ఏంటే, తెల్లారినప్పటి నుంచీ ఒకటే పాట తిప్పి తిప్పి వింటున్నావ్?"

కంప్యూటర్‌లో స్పాటిఫై తెరిస్తే, మన స్నేహితులు ఆ క్షణంలో ఏం వింటున్నారో పక్కన కనిపిస్తుంటుంది. అలా కనిపించకుండా ఉండటానికి ప్రైవేట్ సెషన్ అని ఒక మీట ఉంది. నేను దాన్ని స్నానాల గది గడియలా వాడతాను. ఆ రోజు పెట్టుకోవడం మర్చిపోయాను.

వెంటనే జవాబిచ్చాను: "నేను కాదు, మా మేనకోడలు పెట్టింది."

ఆ పాట బ్యాక్‌స్ట్రీట్ బాయ్స్ 'ఐ వాంట్ ఇట్ దట్ వే'. స్నేహితుల్లో నాకొక పేరుంది. ఎవరూ అడక్కపోయినా జాజ్ సంగీతకారుడు మైల్స్ డేవిస్ గురించి గంటసేపు చెప్పే మనిషిని. ఆ పేరు సంపాదించడానికి నేను చాలా కష్టపడ్డాను, కొన్ని రికార్డులు నిద్రొస్తున్నా విన్నాను. ఈ పాట వినడానికి మాత్రం ఎప్పుడూ ఏ కష్టమూ పడలేదు. సిగ్గు అక్కడే ఉందేమో. కష్టపడి విన్నదాన్ని నా అభిరుచి అని చెప్పుకుంటాను. ఊరికే నచ్చేసినదాన్ని మేనకోడలి మీద పెట్టేస్తాను.

అబద్ధం మాత్రం కొత్తది కాదు. ఈ పాట గురించి నేను మొదటి అబద్ధం ఆడింది పదమూడేళ్లప్పుడు.

ఈ పాట 1999లో 'మిలీనియమ్' ఆల్బమ్‌తో వచ్చింది. అప్పుడు మా ఇంట్లో సంగీతం గురించి తీర్పులు చెప్పేవాడు అన్నయ్య. నాకంటే నాలుగేళ్లు పెద్ద, గోడ నిండా మెటాలికా అనే హెవీ మెటల్ బ్యాండ్ పోస్టర్లు. ఈ పాట రేడియోలో వస్తే తలుపు దగ్గర నిలబడి, "ఐదుగురున్నారు, ఒక్కడి చేతిలో కూడా గిటార్ లేదు. ఇది బ్యాండా? ఆడపిల్లల్ని ఏడిపించడానికి పెట్టిన కంపెనీ" అనేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. నవ్వకపోతే ఆడపిల్లల్లో కలిపేస్తాడని భయం. నేను ఆడపిల్లనేనన్న సంగతి ఆ భయంలో గుర్తుండేది కాదు.

ఒక రాత్రి అన్నయ్య ఇంట్లో లేనప్పుడు రేడియోలో ఆ పాట మొదలైంది. టేప్‌రికార్డర్‌లో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్ పెట్టి, ప్లే, రికార్డు మీటలు రెండూ కలిపి నొక్కాను. మొదటి రెండు క్షణాలు పోయాయి, ఫర్వాలేదు. కానీ చివర్లో ఆఖరి పల్లవి కోసం పాట శ్రుతి పెంచుకుని పైకెక్కే చోటుంటుంది చూడండి, నేను పాట మొత్తం వినేదే ఆ ఒక్క చోటు కోసం. సరిగ్గా అక్కడే అనౌన్సర్ నోరు విప్పాడు. "ద టైమ్ ఈజ్ ఎయిట్ ఫార్టీ." తర్వాత పాట తన దారిన తాను పోయింది. ఆ మూడు క్షణాల కోసం అతన్ని చాలా ఏళ్లు తిట్టుకున్నాను.

క్యాసెట్ అంచు మీద ఏం రాయాలన్నది పెద్ద సమస్య. అసలు పేరు రాస్తే పరువు పోతుంది. ఏమీ రాయకపోతే ఖాళీది అనుకుని ఎవరైనా దాని మీద రికార్డు చేసేస్తారు. బాగా ఆలోచించి, నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో రాశాను: 'ఇంగ్లిష్ పాఠాలు – 2'. ఒకటో నంబరు క్యాసెట్ ఎక్కడుందని అడిగేవాళ్లుండరని నా నమ్మకం. ఆ పేరున్న దాన్ని మా ఇంట్లో ఎవరూ ముట్టుకోరన్నది ఇంకా గట్టి నమ్మకం.

సిగ్గుపడే పాటల సంగతి ఆలోచించినప్పుడల్లా ఇది గమనిస్తుంటాను: పాట ఎలా ఉందన్నది కాదు, ఎవరు వింటున్నారన్నదే లెక్క. పదమూడేళ్ల ఆడపిల్లలు అరిచి గోల చేస్తే అది పిచ్చి పాట. నలభై ఏళ్ల మగవాళ్లు కళ్లు మూసుకుని తలూపితే క్లాసిక్. అమెరికాలో డిస్కో మీద కోపం దీన్నంతా దాటిపోయింది. 1979 జూలై 12న షికాగోలోని కామిస్కీ పార్క్‌లో, రెండు బేస్‌బాల్ మ్యాచ్‌ల మధ్య విరామంలో, స్టీవ్ డాల్ అనే రేడియో జాకీ డిస్కో రికార్డులు నింపిన పెట్టెను పేల్చేశాడు. జనం మైదానంలోకి దూకారు. నేల పాడైపోయి రెండో మ్యాచ్ జరగనే లేదు. సొంత జట్టు ఓడిపోయినట్టు లెక్క రాశారు. పాట నచ్చకపోతే ఎవరైనా స్టేషన్ మారుస్తారు, అంతేగానీ స్టేడియం దాకా మోసుకొచ్చి పేల్చరు కదా? ఆ పాటలకు ఆడేవాళ్లలో నల్లవాళ్లు, గేలు, ఆడవాళ్లు ఎక్కువగా ఉండేవాళ్లని గుర్తొస్తే ఆ మంట ఎక్కడిదో కొంచెం అర్థమవుతుంది.

ఇలా పళ్లు కొరికేవాళ్లు చాటుగా ఏం వింటారన్నది ఇంకో కథ. సెక్స్ పిస్టల్స్ బ్యాండ్ అంటే పంక్ అనే మొరటు రాక్ సంగీతానికి మారుపేరు, చక్కగా పాడటమే నేరమన్నట్టుండేవాళ్లు. వాళ్ల 'ప్రెటీ వేకెంట్' 1977లో వచ్చింది. అందులోని గిటార్ ముక్క తనకు తట్టింది ఆబా వాళ్ల 'ఎస్.ఓ.ఎస్.' విన్నాకేనని ఆ బ్యాండ్‌లో బాస్ వాయించిన గ్లెన్ మాట్లాకే చెప్పాడు. మెరుపుల బట్టలేసుకుని యూరోవిజన్ పాటల పోటీలో గెలిచిన స్వీడన్ పాప్ బృందం ఆబా! ఈ ముక్క చదివిన రోజు అన్నయ్యకి ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను.

కొందరికి వెటకారం ముసుగు కావాలి. రిక్ ఆస్ట్లీ 1987 నాటి పాట 'నెవర్ గొన్నా గివ్ యూ అప్' లింకును వేరే ఏదో అని చెప్పి పంపి ఆటపట్టించడం 2007లో మొదలైంది. 2021 నాటికి ఆ వీడియో యూట్యూబ్‌లో వంద కోట్లు దాటింది. అన్ని కోట్లూ మోసపోయి నొక్కినవే అంటే నేను నమ్మను. నా వాటా నాకు తెలుసు.

ఇక నా పాట సంగతి. ఒక ఆదివారం దీన్ని తీసిపారేద్దామనే కూర్చున్నాను. సాహిత్యం కాగితం మీద రాసుకుని చదివితే ఒక్క ముక్క అర్థం కాలేదు. పాట పొడుగునా ఏ మాట నీ నోటి నుంచి వినలేనంటాడో, ఆఖరికొచ్చేసరికి అదే తనకు కావాలంటాడు. 'అలా' అంటే ఎలాగో ఎవరూ చెప్పరు. రాసినవాళ్లు మాక్స్ మార్టిన్, ఆండ్రియాస్ కార్ల్‌సన్. ఇద్దరూ స్వీడన్ వాళ్లు, ఇంగ్లిష్ వాళ్లకు మాతృభాష కాదు. అర్థం కంటే ముందు ఆ అక్షరం నోట్లో ఎలా పలుకుతుందో చూసుకున్నట్టుంటుంది. రికార్డింగ్ కంపెనీ వాళ్లకీ ఈ అనుమానమొచ్చి, అర్థమయ్యేలా సాహిత్యం మార్చి ఇంకో వెర్షన్ కూడా పాడించారు. బ్యాండ్ వాళ్లు మాత్రం మొదటిదే ఉంచాలన్నారు. ఆ అర్థమున్న వెర్షన్ బయటికొచ్చాక నేనూ విన్నాను. ప్రతి మాటా తెలుస్తుంది. రెండోసారి వినాలనిపించలేదు.

తర్వాత కీబోర్డు మీద ప్రయత్నించాను. పాటకి కావలసిన కార్డ్స్, అంటే కలిపి నొక్కే స్వరాల గుంపులు, మూడు దొరికేసరికి, ఓస్ ఇంతేనా అనుకున్నాను. కుడి చేత్తో గొంతు వరస పట్టబోతే తెలిసింది. మొదటి పదం తర్వాత పాడేవాడు ఊపిరి తీసుకునే చిన్న ఖాళీ ఉంటుంది. నేను ప్రతిసారీ ఆ ఖాళీని తొక్కేస్తున్నాను. అక్కడ ఆగితే పాట వస్తోంది, ఆగకపోతే టైపింగ్ క్లాసులా ఉంది. మధ్యాహ్నం అంతా ఆగడం నేర్చుకోవడానికే సరిపోయింది. పాటని తీసిపారేసే కార్యక్రమం అంతటితో వాయిదా పడింది.

క్యాసెట్ దగ్గరికొస్తాను. అది చేసిన కొన్ని నెలలకి అన్నయ్యకి ఎవరో స్నేహితుడు ఒక్క రాత్రికి మెటాలికా సీడీ ఇచ్చాడు. రికార్డు చేసుకోవడానికి ఖాళీ క్యాసెట్ లేదు. సొరుగులు వెతికి, ఎవరికీ అక్కర్లేని క్యాసెట్ ఒకటి పట్టుకుని గదిలోకెళ్లి తలుపేసుకున్నాడు. నీలం ఇంకు, గుండ్రటి అక్షరాలు. నేను హాల్లో కూర్చుని పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతున్నాను. వద్దంటే ఎందుకని అడుగుతాడు. ఊరుకుంటే పాట పోతుంది. ఊరుకున్నాను.

గదిలోంచి మెటాలికా వినిపించలేదు. అసలేమీ వినిపించలేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నట్టున్నాడు.

మర్నాడు అన్నయ్య కాలేజీకి వెళ్లాక చూస్తే క్యాసెట్ సొరుగులో ఎప్పటి చోటే ఉంది. పెట్టి విన్నాను. పాట ఉంది. అనౌన్సరూ ఉన్నాడు. తీసి డబ్బాలో పెడుతుంటే వేలికి ఏదో గీసుకుంది. క్యాసెట్ పైఅంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి, పాతవాళ్లకి గుర్తుండే ఉంటాయి. అవి విరిచేస్తే రికార్డు మీట కిందికి దిగదు, లోపలున్నది ఎవరూ చెరపలేరు. రెండూ విరిచేసి ఉన్నాయి. నేను విరవలేదు.

అన్నయ్య ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. ఆ వారం ఆడపిల్లల కంపెనీ అని రెండుసార్లు మామూలుగానే తిట్టాడు.

మొన్న ఆదివారం వాళ్ల కారులో వెళ్తున్నాం. అన్నయ్య డ్రైవింగ్, నేను పక్కన, వెనక సీట్లో మేనకోడలు. దానికి పన్నెండేళ్లు, సిగ్గనేది ఇంకా రాలేదు. ఫోన్ కారుకి కలిపి గట్టిగా ఈ పాటే పెట్టింది. "ఇది బాగా ఓల్డ్ సాంగ్ అత్తా, నీకు తెలీదులే" అంది. అంటే సోమవారం నేనాడినది మరీ అంత అబద్ధం కాదు.

"ఎవర్రా వీళ్లు?" అన్నాడు అన్నయ్య, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"తెలీదు" అన్నాను.

అది గొంతెత్తి పాడుతోంది. మేమిద్దరం చాలా శ్రద్ధగా ముందున్న లారీని చూస్తున్నాం. చివరికొచ్చింది. శ్రుతి మారి పాట పైకెక్కే ఆ క్షణంలో, అన్నయ్య పెదవులు కదిలీ కదలనట్టు, లోగొంతుకతో అన్నాడు:

"ద టైమ్ ఈజ్ ఎయిట్ ఫార్టీ."