ముప్పై అడుగుల గీత

"ఇంకా వదలద్దు" అని మేస్త్రీ అన్న అరిచేలోపే గాలి కొట్టింది, గీత కొట్టడానికి నీలం సుద్దపొడి పూసి లాగిపట్టిన దారం పక్కకు ఊగింది, నేల మీద ఒకటికి రెండు నీలం గీతలు.

కడపలో మా ఇంటి గోడలకు ఈ పొద్దే మార్కింగ్. ఆయన ఏమీ అనకుండా తడిగుడ్డతో తుడిచి, దారం రీల్ మళ్లీ బిగించి, నన్ను మధ్యలో బొటనవేలితో దారం నొక్కి పట్టుకోమని, అటు సగం ఒకసారి ఇటు సగం ఒకసారి నిటారుగా పైకి లాగి వదిలాడు. సన్నటి గీత, ఎక్కడా తెగలేదు.

మూల నుంచి ఒక గీత మీద 3 అడుగులు, రెండో గీత మీద 4 అడుగులు పెడితే ఆ రెండు గుర్తుల మధ్య ఐమూల సరిగ్గా 5 అడుగులు, అంటే మూల నిక్కచ్చిగా లంబంగా ఉన్నట్టే. ఎంత సంతోషమో!

అంగట్లో ఎర్ర పొడి తీసుకోబోతే ఆయనే ఆపాడు, ఎరుపు పట్టుకుంటే ఒక పట్టాన పోదని. నీలం కాబట్టి తుడవగలిగాం.

రేపు వంటింటి గోడ. పొద్దున గాలి లేవకముందే వెళ్లాలి.