రివర్స్ బ్యాక్‌హ్యాండ్ లాగ్: బ్యాక్‌స్పిన్ వస్తే మళ్ళీ నెట్‌లోకే

ఛ, టేబుల్ టెన్నిస్‌లో ఈ వారం కూడా అంతే. పొడుగ్గా వచ్చిన బ్యాక్‌స్పిన్ (వెనక్కి తిరుగుతూ వచ్చే) బంతిని పెన్‌హోల్డ్ (బ్యాట్‌ని పెన్నులా పట్టుకునే) రివర్స్ బ్యాక్‌హ్యాండ్‌తో, అంటే బ్యాట్ వెనక వైపుతో లేపుదామంటే నెట్ పై అంచు టేపుకి రెండు మూడు సెంటీమీటర్ల కిందే తగులుతోంది, నెట్ ఎత్తే 15.25 సెంటీమీటర్లంటే కాస్తలో పోతోందన్నమాట, ఒళ్ళు మండేది అందుకే. టాప్‌స్పిన్ (ముందుకి తిరుగుతూ వచ్చే బంతి) మీద బానే పడుతోంది, పొట్టి బంతిని మణికట్టుతో లేపే ఫ్లిక్ కూడా వచ్చేసింది.

స్లో మోషన్‌లో తీసి చూశా. బంతి పైదాకా లేచి మళ్ళీ ఒక పది సెంటీమీటర్లు దిగాక గానీ బ్యాట్ అందుకోవట్లేదు. ముందు బరువు అనుకున్నా, బ్యాట్ మొత్తం 178 గ్రాములు, వెనక రబ్బరు కింద స్పాంజి 2.1 మిల్లీమీటర్లది తీసి 1.8 వేస్తే 172 గ్రాములు అయింది, చెయ్యి హాయిగా ఉంది గానీ బంతి మాత్రం అక్కడే. తర్వాత వేళ్ళు. వెనక మూడు వేళ్ళు ముడిస్తే బ్యాట్ తల కిందకి దిగట్లేదు, చాపితే దిగుతోంది కానీ చూపుడు వేలు బిగుసుకుని మణికట్టు తిరగట్లేదు, సరే అని బొటనవేలితో నొక్కి చూపుడు వేలు వదిలేస్తే బ్యాట్ మరీ మూసుకుపోతోంది (ముఖం కిందకి వాలిపోతోంది), బ్యాక్‌స్పిన్‌కి మూస్తే ఇంకెక్కడికి పోతుంది, నెట్‌లోకే.

ఇప్పుడు అనుమానం మోచెయ్యి మీద. ఇదే షాట్ ఆడిన చైనా ఆటగాడు వాంగ్ హావో పాత మ్యాచ్‌లు చూడండి, మోచెయ్యి ఒంటికి ఎడంగా, ముందుకి ఉంటుంది, నాది పక్కటెముకలకి అతుక్కుని ఉంది. అసలు ఈ షాట్‌ని పెద్ద మ్యాచ్‌ల్లోకి తెచ్చింది చైనా వాడే లియు గువోలియాంగ్, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో సింగిల్స్, డబుల్స్ రెండూ కొట్టినాయన, కానీ ఫోర్‌హ్యాండ్‌కి షార్ట్ పింపుల్స్‌తో (పైకి పొట్టి బొడిపెలున్న రబ్బరుతో) ఆడుతూ దీన్ని అప్పుడప్పుడే వాడేవాడు. ఆయన కోచ్‌గా ఉన్నప్పుడే వాంగ్ హావో దీన్నే తన అసలు బ్యాక్‌హ్యాండ్ చేసుకుని 2009లో వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు. పాపం ఒలింపిక్ సింగిల్స్ ఫైనల్ మాత్రం 2004, 2008, 2012 మూడూ పోయాయి, చివరికి 2024 పారిస్‌లో వాంగ్ హావో కోచింగ్‌లో ఫాన్ జెన్‌డాంగ్ గోల్డ్ కొట్టాడు, అదీ షేక్‌హ్యాండ్‌తో (చెయ్యి కలిపినట్టు బ్యాట్ పట్టే పద్ధతితో)! మన గ్రిప్ వాళ్ళు కోచ్‌లయ్యి పక్క గ్రిప్ వాళ్ళని గెలిపిస్తున్నారు.

రబ్బర్ల సంగతికొస్తే హరికేన్ 3 ఫోర్‌హ్యాండ్‌కి సూపర్, వెనక మాత్రం నాకు మెత్తటి స్పాంజే కావాలి, టెనర్జీ 05 ఎఫ్‌ఎక్స్ లాంటిది.

వచ్చే వారం వేళ్ళ జోలికి పోను, మోచెయ్యి ఒక జానెడు ముందుకి పెట్టి బంతి పైన ఉండగానే కొట్టి చూస్తా. ఖాళీగా ఉన్న ఇంకో బ్లేడుకి (బ్యాట్ చెక్కకి) షార్ట్ పింపుల్స్ అతికించి లియు లాగా పాత పద్ధతి బ్లాక్ (బ్యాట్ ముందు వైపుతోనే బంతిని ఆపి పంపడం) కూడా మొదలెడదామని ఉంది, స్పాంజి 1.8 వెయ్యాలా 2.0 వెయ్యాలా అన్నదే ఇంకా తేలలేదు.