అమ్మ ముంజేతి మీది మచ్చ

పోయిన సంక్రాంతికి నల్గొండలో మా ఇంట్లో సకినాలు కాలుస్తుంటే మూకుట్లో నూనె చింది అమ్మ ముంజెయ్యి కాలింది. పుండు మానింది గానీ మచ్చ గట్టిపడి ఉబ్బుగా ఉండిపోయింది. "గుంజుతుంది బిడ్డా" అంటే, అదంతా నీ భ్రమ అన్నాను. ఆ మాట ఇప్పుడు నన్నే పొడుస్తుంది.

ఎందుకంటే కూర్చుని చదివాను. రెండో క్రోమోజోము మీద ఎఫ్ఎన్1 అనే జన్యువు ఉంది, ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ దాని నుంచే వస్తుంది. గాయమైన చోట అది పరుచుకుంటే కణాలు తమ పైన ఉండే ఇంటెగ్రిన్లు అనే పట్టు ప్రొటీన్లతో దాన్ని పట్టుకుని, నిచ్చెన ఎక్కినట్టు పాకుతూ లోపలికి వస్తాయి. ఆ పట్టు లేకుంటే పుండు మూసుకోవడమే కష్టం. కానీ గాయం వేళ అదే జన్యువు నుంచి ఈడీఏ అనే అదనపు ముక్క ఉన్న రకం ఎక్కువగా తయారై, టీజీఎఫ్ బీటా అనే సంకేత ప్రొటీన్‌తో కలిసి, చర్మంలో పీచును అల్లే ఫైబ్రోబ్లాస్టులనే కణాలను మయోఫైబ్రోబ్లాస్టులనే లాగుడు కణాలుగా మారుస్తుంది. ఇవి కండరంలాగా చర్మాన్ని నిజంగానే లాగుతాయి, కొల్లాజెన్ అనే గట్టి పీచు ప్రొటీన్‌ను నింపుతాయి. పని అయ్యాక చనిపోవాలి. పోకుండా మిగిలితే మచ్చ ముదురుతుంది.

అంటే అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. డాక్టరమ్మ రాసిన సిలికాన్ జెల్ ఇప్పుడు రోజూ రాత్రి నేనే రాస్తున్నాను.